బాకీ లేనివాడి బాకీ

అప్పు తీర్చేస్తే మనిషికి మనశ్శాంతి కలుగుతుందని చెప్పేవాళ్ళెవరైనా ఉంటే దయచేసి నాకు ఎదురుపడవద్దని మనవి. నేను తీర్చాను. పైసాతో సహా తీర్చాను. అక్కడితో ఊరుకోకుండా పదహారు రూపాయలు ఎక్కువే ఇచ్చాను. తంటా అంతా ఆ పదహారు రూపాయలతోనే మొదలైంది.

నా పేరు భీమశంకరం. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు అటెండర్ని. ఆరేళ్ళ కిందట సౌభాగ్య బ్యాంకు వాళ్ళు మా కాలేజీ గేటు దగ్గర గొడుగు వేసుకు కూర్చుని, దారిన పోతున్న నన్ను 'సార్' అని పిలిచారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో నన్ను సార్ అన్న మొదటి మనుషులు వాళ్ళే. కాదనలేక ఒక క్రెడిట్ కార్డు పుచ్చుకున్నాను. ఆ కార్డు మీద ఫ్రిజ్జు వచ్చింది, ఏసీ వచ్చింది, బావమరిది పెళ్ళికి ఆరు పట్టుచీరలు వచ్చాయి. నెలనెలా బిల్లు మీద 'కనీస చెల్లింపు' అని ఒక చిన్న అంకె ఉండేది. ఇంత కనికరం ఉన్న బ్యాంకు భూమ్మీద ఇంకోటి ఉంటుందా అని మురిసిపోయి, నాలుగేళ్ళు ఆ చిన్న అంకె మాత్రమే కట్టుకుంటూ వచ్చాను.

ఒకరోజు మా ఆవిడ భ్రమరాంబ బీరువా సర్దుతూ బిల్లు చూసింది. లక్షా ఎనభై ఆరువేలు. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. బిల్లు రెండువైపులా తిప్పి చూసి, "ఏవండీ, ఈ ఫ్రిజ్జు మనం ఎన్నిసార్లు కొన్నామండీ?" అని అడిగింది. నేను గోడకేసి చూశాను.

మర్నాడు రెండు గాజులు అమ్మి పెద్ద గ్రైండరు కొంది. ఇడ్లీ పిండి, దోసెల పిండి, గారెల పిండి రుబ్బి కవర్లలో కట్టి వీధివీధికీ అమ్మడం మొదలుపెట్టింది. నేను స్కూటరు మీద ఇంటింటికీ అందించి ఆ తర్వాత కాలేజీకి పోయేవాణ్ణి. ఇరవై ఆరు నెలలు. ఆ ఇరవై ఆరు నెలల్లో మేం సినిమాకి వెళ్ళలేదు, కొత్త బట్ట కట్టలేదు. మా అమ్మాయి పుట్టినరోజుకి కేకు బదులు ఇడ్లీ మీద కొవ్వొత్తి పెట్టాం. భ్రమరాంబ కుడి భుజం ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. తప్పు నాది, భుజం ఆవిడది. ఈ సంగతి తల్చుకుంటే నాకు సిగ్గేస్తుంది, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

ఆఖరి కిస్తీ ఇరవై మూడు వేల నూరు రూపాయలు. డబ్బు లెక్కపెట్టి జేబులో పెట్టుకుంటుంటే మా అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఒరేయ్, ఇంత పీడ వదిలించుకుంటూ సున్నాలతో ఇస్తావుట్రా? శుభమా అని వెళుతూ! నూటపదహార్లు చెయ్యి."

"అమ్మా, అది చదివింపు కాదే, బాకీ."

"ఏదైతేనేం, చేతులు మారేది డబ్బే కదా. సున్నాతో ఇస్తే మళ్ళీ మొదటికొస్తుంది. నా మాట విను."

మా అమ్మ మాట విని పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ యాభై ఏళ్ళుగా పదహార్లు చదివించిన వంశం మాది. ఇరవై మూడు వేల నూట పదహారు కట్టాను. కౌంటరులో అమ్మాయి, "పదహారు ఎక్కువిచ్చారండీ" అంటే, "ఉంచమ్మా, శుభానికి" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి రసీదు ఇచ్చింది. ఇంటికొచ్చాక మా అమ్మ అడకత్తెరతో కార్డుని ఎనిమిది ముక్కలు చేసి, మా ముగ్గురికీ దిష్టి తీసి, ముక్కలు తీసుకెళ్ళి మురిక్కాలవలో పారేసింది. ఆ పూట భ్రమరాంబ పాయసం వండింది.

సరిగ్గా అప్పుడే మా మేడమీది ఇంటి ఓనరు దిగి వచ్చాడు. గ్రైండరు చప్పుడుకి తన బీపీ పెరుగుతోందట. నెలాఖరుకి గ్రైండరైనా వెళ్ళాలి, మేమైనా వెళ్ళాలి అన్నాడు. దేవుడున్నాడు కాబట్టి అదే వారంలో మునిసిపాలిటీ వాళ్ళు బస్టాండు ఎదురుగా కట్టిన మహిళా వ్యాపార సముదాయంలో గదులకి లాటరీ తీశారు. భ్రమరాంబకి పద్నాలుగో నంబరు గది తగిలింది. డిపాజిట్టు నలభై వేలు. అప్పు తీర్చగా మిగిల్చిన నలభై వేలు ఆవిడ దగ్గర ఉన్నాయి. ఇంకేం కావాలి? ఒకే ఒక్క కాగితం కావాలి. కుటుంబంలో ఎవరూ ఏ బ్యాంకుకీ బాకీ లేరని బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రం. ఇరవై రోజుల్లో ఇవ్వకపోతే గది తర్వాతి పేరుకి పోతుంది.

"ఆ కాగితం కోసమే కదండీ ఇన్నాళ్ళూ రుబ్బింది" అంది భ్రమరాంబ. నేను ఈల వేసుకుంటూ బ్యాంకుకి వెళ్ళాను.

మేనేజరు కోదండపాణి గారు నిండైన మనిషి. కంప్యూటరు చూసి లేచి నిలబడి నాకు చెయ్యి ఇచ్చారు.

"అభినందనలు భీమశంకరం గారూ. మీరు సంస్థకి ఏమీ బాకీ లేరు. అయితే సంస్థ మీకు పదహారు రూపాయలు బాకీ ఉంది. ఉభయ పక్షాల బాకీ శూన్యమైతేనే గాని ధ్రువపత్రం జారీకి సిస్టం సమ్మతించదు."

"పదహారు రూపాయలే కదండీ. వదిలేశాను."

"ఖాతాదారుల నుంచి సంస్థ విరాళాలు స్వీకరించదు. అది మా విలువలకి విరుద్ధం."

నా దగ్గర నూటికి నలభై రెండు వడ్డీ పుచ్చుకున్నప్పుడు ఈ విలువలు ఎక్కడ భోజనానికి వెళ్ళాయో నాకు తెలీదు. "పోనీ ఆ పదహారూ నా చేతికి ఇచ్చెయ్యండి" అన్నాను.

"నగదుగా ఇవ్వజాలం. మిగులు మొత్తాన్ని కార్డు ద్వారా మాత్రమే వినియోగించుకోవలెను. కార్డేదీ?"

"మా అమ్మ అడకత్తెరతో కత్తిరించేసిందండీ."

కోదండపాణి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "కార్డు సంస్థ యొక్క సొత్తు అని దాని వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదివారా?"

"చదవలేదండీ. అవి కూడా ముక్కలయ్యాయి."

"సరే, మానవతా దృక్పథంతో సంస్థ ఆస్తి ధ్వంసం విషయం పక్కన పెడదాం. కొత్త కార్డుకి దరఖాస్తు చెయ్యండి. రుసుము రెండువందల ముప్పై ఆరు. మీ పదహారు అందులో సర్దుబాటు అవుతుంది. మిగతా రెండువందల ఇరవై చెల్లిస్తే శూన్యం సిద్ధిస్తుంది."

ఈ శూన్యం సిద్ధించడానికి మునులు హిమాలయాలకి వెళ్ళేవారని విన్నాను. నాకు మెయిన్ రోడ్డులోనే దొరుకుతోంది కదా అని సంతకం పెట్టాను. ఏ కార్డు పీడ వదిలించుకోవడానికి రెండేళ్ళు పిండి రుబ్బామో, అదే కార్డు పదిరోజుల్లో నిగనిగలాడుతూ మా ఇంటికి వచ్చింది. దాంతోపాటు 'తిరిగి మా కుటుంబంలోకి స్వాగతం' అని ఒక ఉత్తరం. భ్రమరాంబ ఆ కవరుని రెండు వేళ్ళతో పట్టుకుని తీసుకెళ్ళి బియ్యం డబ్బా అడుగున పెట్టింది.

రెండువందల ఇరవై కట్టడానికి ఈసారి తనే వచ్చింది. బయల్దేరుతుంటే మా అమ్మ, "రెండొందల ఇరవయ్యా? మళ్ళీ సున్నాతోనా?" అని ఇంకా ఏదో అనబోయింది. భ్రమరాంబ ఒక్క చూపు చూసింది. పెళ్ళయిన పదిహేడేళ్ళలో మా అమ్మ మధ్యలో ఆపేసిన మొదటి వాక్యం అదే.

కట్టాం. రసీదు తీసుకున్నాం. కోదండపాణి గారు స్వయంగా మీట నొక్కారు. యంత్రంలోంచి కాగితం వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో 'బాకీ లేని ధ్రువపత్రం'. కింద నా పేరు, కార్డు నంబరు, ఆ కింద 'వీరు సంస్థకు చెల్లించవలసిన మొత్తం: రూ. 118'.

"ఇదేంటండీ?" అంది భ్రమరాంబ.

"ధ్రువపత్రం జారీ రుసుమమ్మా. జారీ అయిన క్షణంలోనే కార్డు ఖాతాకి పడుతుంది. సిస్టం బహు చురుకైనది."

ఏమైతేనేం, పైన బాకీ లేదనే ఉంది కదా అని దాన్ని మునిసిపల్ ఆఫీసుకి పట్టుకెళ్ళాం. అక్కడ సెక్షను చూసే యేసుపాదం గారు మంచాయన. కాగితం దగ్గర పెట్టుకుని చదివి, దూరం పెట్టుకుని మళ్ళీ చదివారు.

"చూడమ్మా, పైన లేదంటాడు, కింద ఉందంటాడు. మా కమిషనరు గారికి ఒకే కాగితంలో రెండు మాటలుంటే మహా కోపం. ఒక మాట మీద ఉండే కాగితం తీసుకురండి."

నూట పద్దెనిమిది కట్టేసి ఇంకో పత్రం అడిగాం. ఇచ్చారు. దాని రుసుము నూట పద్దెనిమిది దాని కిందే పడింది. అదీ కట్టి మూడోది తీసుకున్నాం. మొదటి పత్రం బాకీ తీరిందని రెండోది చెబుతోంది, రెండోదాని బాకీ తీరిందని మూడోది చెబుతోంది, మూడోదాని సంగతి చెప్పడానికి నాలుగోది కావాలి. ఈ లెక్కన మా అమ్మాయికి మనవలు పుట్టేదాకా పత్రాలు వస్తూనే ఉంటాయి.

నేను సైన్సు ల్యాబులో పనిచేస్తున్నవాణ్ణి కదా, బుర్ర ఉపయోగించాను. "అయ్యా, ఈ నూట పద్దెనిమిదీ ముందే కట్టేస్తాను. పత్రం వచ్చేసరికి చెల్లుకి చెల్లు" అన్నాను.

కోదండపాణి గారు జాలిగా నవ్వారు. "ముందే కడితే సంస్థ మీకు నూట పద్దెనిమిది బాకీ పడుతుంది. సంస్థ బాకీ ఉండగా పత్రం రాదని మొదటిరోజే మనవి చేశాను."

"అయితే ఈ బ్యాంకు పుట్టాక ఎవరికైనా బాకీ లేదన్న కాగితం బాకీ లేకుండా వచ్చిందా అండీ?" అంది భ్రమరాంబ.

"ఎవరూ అడగలేదమ్మా. మా ఖాతాదారులెవరికీ ఇంతవరకూ ఆ అవసరం రాలేదు. మీ విషయం పై ఆఫీసుకి నివేదించాం. ఒక కమిటీ వేశారు. పద్దెనిమిది నెలల్లో మధ్యంతర నివేదిక వస్తుంది."

గడువు ఇంకా రెండు రోజులు. మేడమీది ఓనరు రోజూ మెట్ల మీంచి తొంగిచూసి గ్రైండరు ఉందా లేదా అని చూసుకుంటున్నాడు. మూడు పత్రాలూ పట్టుకుని మళ్ళీ యేసుపాదం గారి దగ్గరికి వెళ్ళాం. భ్రమరాంబ మొహం చూసి ఆయన కుర్చీ లాగి వేశారు, మంచినీళ్ళు తెప్పించారు.

"అమ్మా, నువ్వు పడుతున్న పాట్లు చూళ్ళేక చెబుతున్నాను. అసలు ఈ పేచీ అంతా అప్పు లేనివాళ్ళకే. అప్పున్నవాళ్ళకి దరఖాస్తులో తొమ్మిదో కాలమ్ ఉంది. ఏదన్నా బ్యాంకులో వ్యాపార రుణం తీసుకున్నట్టు మంజూరు కాగితం పెడితే చాలు, ఇంకేమీ అడగం. పదమూడో గదామె మూడు లక్షల అప్పు చూపించింది, పావుగంటలో తాళాలిచ్చాం. పదిహేనో గదామెకి అయిదు లక్షలు. ఆవిడకి కమిషనరు గారు టీ కూడా ఇప్పించారు."

"అప్పున్నవాళ్ళని నమ్ముతారు, లేనివాళ్ళని నమ్మరా బాబాయి గారూ?"

"బ్యాంకే నమ్మి అంత డబ్బిచ్చిందంటే మేం నమ్మొద్దా తల్లీ? నీకెవరూ ఏమీ ఇవ్వలేదాయె. నిన్నేం చూసి నమ్మమంటావు?"

ఇంటికి వచ్చాక భ్రమరాంబ పిండి గిన్నెల మధ్య పీట వేసుకుని కూలబడింది. ఇన్నాళ్ళూ అరవని మనిషి ఆరోజు అరిచింది.

"ఇరవై ఆరు నెలలండీ! చెయ్యి పడిపోతున్నా రుబ్బాను. పిల్ల చెప్పులు తెగితే పిన్నీసు పెట్టి పంపాను. ఎందుకు? ఎవడి ముందూ తల వంచకూడదనే కదా. ఇప్పుడు తల ఎత్తుకుని వెళితే తల వంచుకుని రమ్మంటున్నారు. ఆరోజు మీరు ఆ గొడుగు కిందకి వెళ్ళకపోతే ఏం పోయేదండీ?"

మా అమ్మ వచ్చి కోడలి పక్కన నేల మీద కూర్చుని, "పదహార్ల పాపం నాదేనే తల్లీ" అని కళ్ళు ఒత్తుకుంది. భ్రమరాంబ ముక్కు చీది లేచింది. "ఏడిస్తే గది రాదు. పదండి. ఎంత తక్కువ అప్పిస్తారో కనుక్కుందాం" అంది.

రుణం మాట వినగానే కోదండపాణి గారి ముఖం వెలిగింది. ఫ్యాను పెంచారు. టీ వచ్చింది, దాంతోపాటు బిస్కట్లు కూడా వచ్చాయి.

"మీ దగ్గరున్న నలభై వేలు మా వద్ద ఫిక్సెడ్ డిపాజిట్ చెయ్యండి. ఆరు శాతం వడ్డీ ఇస్తాం. దాని హామీ మీద మీకు ముప్పై ఆరు వేలు వ్యాపార రుణం. దానికి పదకొండు శాతం మీరు చెల్లిస్తారు."

భ్రమరాంబ వేళ్ళ మీద లెక్క వేసింది. "అంటే మా డబ్బు మీరుంచుకుని, మా డబ్బే మాకు అప్పిచ్చి, దాని మీద వడ్డీ పుచ్చుకుంటారన్నమాట."

"ఎంత చక్కగా గ్రహించారమ్మా! మామూలుగా ఖాతాదారులకి ఇది రెండుసార్లు చెప్పవలసి వస్తుంది."

"డిపాజిట్టు నలభై వేలండీ. మిగతా నాలుగు వేలో?"

"కొత్త కార్డు ఉండనే ఉంది కదా. గీకెయ్యండి" అన్నారాయన, ఎంతో ప్రేమగా.

భ్రమరాంబ రుణం కాగితాల మీద మాత్రం సంతకం పెట్టి, టీ కప్పు బల్ల మీద పెట్టేసి లేచింది. తాగలేదు. ఆ సాయంత్రం పిండి కొనే ఇళ్ళకి తనే నడిచి వెళ్ళింది. సంగతి చెప్పి, వచ్చే నెల పిండికి వంద రూపాయలు ముందుగా ఇవ్వగలరా అని అడిగింది. నలభై ఇళ్ళ వాళ్ళు ఇచ్చారు. ఒకావిడ పోపుల డబ్బాలోంచి తీసి ఇచ్చింది, ఒక ముసలాయన రెండొందలు ఇవ్వబోతే వద్దని వంద తిరిగి ఇచ్చేసింది. ఒక్కరు కూడా కాగితం చూపించమనలేదు.

మర్నాడు పొద్దున్నే మంజూరు పత్రం తొమ్మిదో కాలమ్‌లో జత చేశాం. నిజంగానే పావుగంటలో తాళాలు చేతికొచ్చాయి. మాకు టీ ఇప్పించలేదు. ముప్పై ఆరు వేల అప్పుకి అంత మర్యాద ఉండదని యేసుపాదం గారు నొచ్చుకుంటూ చెప్పారు.

గ్రైండరు పద్నాలుగో నంబరు గదికి చేరిన రోజే కోదండపాణి గారు దండతో దిగారు. వెనక ఒక ఫోటోగ్రాఫరు, ఒక మైకు, రంగు గుడ్డ కట్టిన బల్ల.

"పై ఆఫీసు వారు 'ఋణరహిత కుటుంబ వారోత్సవం' ప్రకటించారు. ప్రతి శాఖా తన పరిధిలో ఒక అప్పులేని కుటుంబాన్ని సత్కరించి ఫోటో పంపవలెను. మా శాఖ మొత్తానికి కార్డు బాకీ పూర్తిగా తీర్చింది మీరొక్కరే."

"మొన్ననే కదండీ మీరు అప్పిచ్చింది?" అన్నాను.

"అది వ్యాపార రుణం. వేరే విభాగం. ఈ వారోత్సవం కార్డుల విభాగానిది. కాస్త అటు జరిగి నిలబడండి, బ్యానరు కనబడటం లేదు."

మెడలో దండలు పడ్డాయి. బస్టాండు జనం, చుట్టుపక్కల గదుల ఆడవాళ్ళు మూగారు. మహత్తర క్రమశిక్షణ, స్ఫూర్తిదాయక ప్రస్థానం అంటూ కోదండపాణి గారు పావుగంట మాట్లాడి, మైకు భ్రమరాంబ చేతికిచ్చారు. నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆవిడ ఎప్పుడూ మైకు పట్టుకోలేదు. దాన్ని గరిటెలా పట్టుకుని మొదలుపెట్టింది.

"ఏం చెప్పమంటారండీ? తెలివితక్కువగా కార్డు తీసుకున్నాం. రెండేళ్ళకి పైగా ఒళ్ళు హూనం చేసుకుని తీర్చాం. మొన్నటిదాకా మాకు ఏ అప్పూ లేదు, అందుకని ఈ ఊళ్ళో ఒక్క ఆఫీసూ మమ్మల్ని నమ్మలేదు. మొన్న నా డబ్బు నాకే అప్పుగా ఇప్పించుకున్నాను, ఇవాళ దండ వేశారు. ఇది సన్మానమంటే నాకు ఏడుపొస్తోంది. మీరెవరూ ఇలాంటి పని చెయ్యకండి. అంతే."

కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. చప్పట్లు మోగిపోయాయి. ఫోటోగ్రాఫరు ఆ నీళ్ళు ఆరకముందే నాలుగు ఫోటోలు తీసుకున్నాడు. కోదండపాణి గారు కూడా జేబురుమాలు తీసి కళ్ళు అద్దుకున్నారు. ఖాతాదారు హృదయంలోంచి ఇంత కృతజ్ఞత పొంగడం తమ సర్వీసులో చూడలేదని మైకులో చెప్పి, ఆసక్తి గలవారికి దరఖాస్తులు ఇక్కడే దొరుకుతాయని బల్ల చూపించారు.

మేం దండలు తీసి పక్కన పెట్టేసరికి బల్ల ముందు వరస రోడ్డు దాకా వెళ్ళిపోయింది. భ్రమరాంబ ఆ వరసకేసి చూసి, "నేను చెప్పింది తెలుగులోనే కదండీ?" అంది. నేను తల ఊపాను. ఇంతలో వరసలోంచి ఒక పూలమ్మే అమ్మాయి తన చోటు పోకుండా వెనకామెకి అప్పజెప్పి మా గది దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, ఒక్క మాట చెప్పవా? నీలాగా అప్పులేని కుటుంబం అనిపించుకోవాలంటే మొదట ఎంత అప్పు తీసుకోవాలక్కా?"